కారులో రెండు యాంప్లిఫయర్లు - తప్పు ఎక్కడుంది?

రోజంతా ఆఫీసులో మనం చేసే పని ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు వెతకటం. ఇంట్లో ఏదైనా చెడితే మాత్రం ఆ క్రమశిక్షణ గాలికొదిలేసి, చేతికందిన వైరునల్లా పీకుతాం. నేనూ అదే చేశాను. అందుకే ఈసారి జావా, డేటాబేసులూ పక్కన పెట్టి కారులో పాటల సంగతి చూద్దాం.

మేం ఉండేది న్యూజెర్సీలో. మా పాత సెడాన్ కొన్నప్పుడే అందులో రెండు యాంప్లిఫయర్లు ఉన్నాయి, ఎవరో బిగించినవి. తలుపుల్లోని స్పీకర్లకి నాలుగు చానెళ్ళది ఒకటి, డిక్కీలోని సబ్‌ఊఫర్‌కి ఇంకొకటి. ఓసారి పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి బయల్దేరాం. దారిలో రెండు జబ్బులు బయటపడ్డాయి. ఒకటి, ఏక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగే సన్నటి కూత. రెండు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డప్పు దెబ్బ గట్టిగా పడితే తలుపుల్లో పాట రెండు క్షణాలు ఆగిపోవటం.

ఇంటికొచ్చి ఆర్‌సీఏ కేబుళ్ళు మార్చాను, ఆ తర్వాత హెడ్ యూనిట్ మార్చాను. డబ్బులు పోయాయి, జబ్బులు పోలేదు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని మల్టీమీటర్ తీశాను.

ముందు బొమ్మ గీయండి

యాంప్‌కి కావలసినవి నాలుగు: బ్యాటరీ నుంచి పాజిటివ్ వైరు, కారు బాడీకి గ్రౌండ్ వైరు, హెడ్ యూనిట్ ఆన్ అవగానే యాంప్‌ని నిద్ర లేపే సన్నటి రిమోట్ వైరు, పాటని మోసుకొచ్చే ఆర్‌సీఏ కేబుల్. యాంప్‌లు రెండైతే పాజిటివ్ వైరు ఒక డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ దగ్గర రెండుగా చీలాలి. గ్రౌండ్ మాత్రం ఒక్కో యాంప్‌కి విడివిడిగా, పొట్టిగా, ఒకే చోటికి చేరాలి.

నా కారులో ఉన్నది ఇది: నాలుగు చానెళ్ళ యాంప్ గ్రౌండ్ సబ్‌ఊఫర్ యాంప్‌కి, అక్కడినుంచి ఒక్క వైరు వెనక సీటు బెల్టు బోల్టుకి. రెండు థ్రెడ్లు ఒకే గ్లోబల్ వేరియబుల్‌ని వాడుకుంటున్నట్టన్నమాట. ఒకటి చేసే అల్లరి రెండోదానికి తగలక తప్పదు.

కొలతలు ఏం చెప్పాయి?

కొలిచేటప్పుడు యాంప్ పనిచేస్తూ ఉండాలి. ఊరికే ఉన్నప్పుడు ఎంత చెడ్డ వైరైనా మంచి వోల్టేజీనే చూపిస్తుంది. కారుని గరాజ్‌లోంచి బయటికి తెచ్చి (మూసిన గరాజ్‌లో ఇంజను నడపకూడదు, ప్రాణాపాయం) ఇంజను ఆన్ చేసి, 50 హెర్ట్జ్ శబ్దాన్ని సీడీలో వేసుకుని వాయించాను. పాటలో కరెంటు క్షణక్షణం మారుతుంది, మీటరుకి అందదు. ఒకే శబ్దమైతే నిలకడగా ఉంటుంది. మిత్రుడి క్లాంప్ మీటరు 30 ఆంపియర్లు చూపించింది.

బ్యాటరీ దగ్గర: 14.2 వోల్టులు.
బ్యాటరీ పాజిటివ్‌కీ యాంప్ పాజిటివ్‌కీ మధ్య: 0.3.
బ్యాటరీ నెగెటివ్‌కీ యాంప్ గ్రౌండ్‌కీ మధ్య: 1.5.
యాంప్‌కి మిగిలింది: 12.4.

పాజిటివ్ వైరు 17 అడుగుల 8 గేజ్ రాగి. అడుగుకి సుమారు 0.63 మిల్లీ ఓమ్ చొప్పున లెక్కేస్తే 0.3 రావలసిందే. కానీ మూడడుగుల గ్రౌండ్ దారిలో 1.5 పోవటం ఏమిటి? డప్పు దెబ్బకి కరెంటు రెట్టింపైతే ఈ నష్టమూ రెట్టింపై 3.6 అవుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గరే 13కి దిగితే యాంప్‌కి దక్కేది 9.4. చాలా యాంప్‌లు 10 దగ్గరే ఆగిపోతాయి. రెండో జబ్బుకి కారణం దొరికింది.

మొదటిదీ అక్కడే ఉంది. హెడ్ యూనిట్ గ్రౌండ్ డాష్‌బోర్డు దగ్గర, యాంప్ గ్రౌండ్ వెనక. రెంటి మధ్యా వోల్టేజీ తేడా ఉంటే ఆర్‌సీఏ కేబుల్ పైపొర గుండా కరెంటు పారుతుంది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే అలలు ఆ దారిన పాటలో కలుస్తాయి. ఇంజను వేగంతోపాటు కూత పెరిగేది అందుకే.

అసలు భయం

ఇంతవరకూ ఇది పాటల గొడవే. కానీ 1.5 వోల్టులని 30 ఆంపియర్లతో గుణిస్తే 45 వాట్లు. టంకం పెట్టే ఇస్త్రీ అంత వేడి ఆ దారిలో పుడుతోందన్నమాట. కార్పెట్ ఎత్తి చూస్తే బోల్టు కింద రంగు గీకలేదు, వైరు తొడుగు గోధుమ రంగుకి మాడి ఉంది. దాని పైనే మా అమ్మాయి సీటు. ఇంకో సంగతి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. యాంప్ మీది ఫ్యూజు యాంప్‌నే కాపాడుతుంది. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. దాన్ని ఆపగలిగేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఒక్కటే.

మరమ్మతు

బ్యాటరీ నెగెటివ్ విప్పాకే పని మొదలుపెట్టాను. మాడిన వైరు తీసేసి, సీటు బెల్టు బోల్టుని శుభ్రం చేసి మళ్ళీ గట్టిగా బిగించాను. అది ప్రాణం కాపాడే బోల్టు, గ్రౌండ్‌కి వాడకూడదు. డిక్కీలో మందపాటి లోహం దగ్గర, కింద ఇంధనం ట్యాంకూ గొట్టాలూ లేవని చూసుకుని, రంగు మెరిసేదాకా గీకి, రెండు యాంప్‌ల గ్రౌండ్లూ విడివిడిగా అక్కడ బిగించాను. పాజిటివ్‌కి 4 గేజ్ రాగి వైరు వేశాను. రాగి పూత అల్యూమినియం చవకే కానీ అదే మందంలో నిరోధం ఎక్కువ. యాంప్‌ల ఫ్యూజులు 40, 40 కాబట్టి బ్యాటరీకి 18 అంగుళాల లోపు 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

మళ్ళీ కొలిస్తే, 30 ఆంపియర్ల దగ్గర రెండువైపులా కలిపి నష్టం 0.2 లోపే. కూత లేదు, పాట ఆగటం లేదు.

మీకూ ఇలాంటి కూతే వస్తుంటే ముందు అన్నీ ఆపి, యాంప్ దగ్గర ఆర్‌సీఏ పీకి, మళ్ళీ ఆన్ చెయ్యండి. కూత పోతే తప్పు సిగ్నల్ దారిలోనో గ్రౌండ్ తేడాలోనో ఉంది. పోకపోతే యాంప్ పవర్ వైపు చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ కొలవండి. ఇది మనకి కొత్త పాఠం కాదు, ఆఫీసులోనే వదిలేసి వస్తున్న పాఠం. పాత కారు కొన్నవాళ్ళు మాత్రం పాట బాగానే వస్తున్నా సరే, ఈ వారాంతం ఓసారి కార్పెట్ ఎత్తి చూడండి.