వైద్యవిద్యార్థి – అంతర్జాలం

వైద్యశాస్త్రం దినదినాభివృద్ధి చెందే శాస్త్రం. ఆ వృద్ధిని తెలిపే పరిశోధన పత్రికల చందాలు పేదదేశాల కళాశాలలకు చిరకాలం పెనుభారమే. 1997లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం పబ్‌మెడ్‌ను అందరికీ ఉచితంగా తెరిచింది. అయితే అందులో అనేక వ్యాసాలకు సారాంశం మాత్రమే లభిస్తుంది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రచురణకర్తలు కలిసి ప్రారంభించిన హినారీ పథకం పేదదేశాల విద్యాసంస్థలకు పూర్తి వ్యాసాలను ఉచితంగానో, స్వల్ప రుసుముకో అందించసాగింది.

అయినను ద్వారం తెరిచినంత మాత్రాన విద్య అబ్బదు. సారాంశం చూసి ఔషధం నిర్ణయించరాదు. పరీక్షలో గర్భిణులను, వృద్ధులను మినహాయించారా, ఎటువంటి దుష్ఫలితాలు కలిగాయి, పరిశోధనకు ధనమిచ్చినవారెవరు అనే సంగతులు పూర్తి వ్యాసం చదివినప్పుడే స్పష్టమవుతాయి. కనుక వెతకడం నేర్చిన విద్యార్థి ప్రశ్నించడం కూడా నేర్వాలి. అతడు తొందరపడితే మూల్యం చెల్లించేది రోగియే.