పది నెలల పాపకు ఏ ఆటలు?

ప్రశ్న: మా పాపకు పది నెలలు. తెలివి పెంచే బొమ్మలు కొనమంటున్నారు. ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగుతోంది. ఏం చేయాలి?
– ఓ తల్లి, రేపల్లె

జవాబు: ఏమీ కొనకండమ్మా. మీ వంటింట్లోనే అన్నీ ఉన్నాయి. స్టీలు గిన్నె, గరిటె ఇచ్చి చాప మీద కూర్చోబెట్టండి. కొడుతుంది, బోర్లిస్తుంది, విసురుతుంది. విసరడం అల్లరి కాదు, పడిన వస్తువు ఎటు పోయిందో వెతకడం ఈ వయసులో పెద్ద చదువే. చెంచా మీద గిన్నె బోర్లించి చూడండి, తనే ఎత్తి తీస్తుంది.

పళ్లెంలో నాలుగు మెత్తటి అన్నం మెతుకులు వేయండి. మొదట అరచేత్తో ఊడుస్తుంది. కొన్నాళ్లకు బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో మెతుకే ఏరుతుంది. రేపు బలపం పట్టేదీ ఆ వేళ్లే. చింతగింజలు, పల్లీలు మాత్రం అందనివ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

రెండేళ్లలోపు ఫోన్, టీవీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ముద్ద పెట్టేటప్పుడు కాకినో ఆవునో చూపిస్తూ కబుర్లు చెప్పండి. మొదట్లో మారాం చేస్తుంది, ఓర్చుకోండి. నడక వచ్చాక బాపట్ల వెళ్తే సూర్యలంక సముద్రతీరాన తడి ఇసుకలో ఆడనివ్వండి, మీరు పక్కనే ఉండి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, ఆలస్యం చేయకుండా తెనాలిలోనో గుంటూరులోనో పిల్లల డాక్టరుకు చూపించండి.