సభలో హాస్యము
బుఱ్ఱకథను చూచినవారు హాస్యగాని మఱువరు. నడుమ కథకుడు కథ నడుపుచుండగా, ఒక వంతగాడు రాజకీయమును, వేఱొకడు హాస్యమును చెప్పుదురు. హాస్యగాడు ప్రేక్షకుల మనసులోని సందేహమునే అమాయకముగా అడుగును. నవ్వుతోడనే విషయము బోధపడును.

గ్రామసభలో మాటలాడు పంచాయతీ సభ్యులకు ఇందు మూడు పాఠములు కలవు.

ఒకటి: హాస్యము విషయము నుండియే పుట్టవలెను. ఇంటిపన్ను బకాయిలను గూర్చి చెప్పునపుడు, "వీధిదీపము వెలుగలేదని ముందుగా కేకవేసినవాడను నేనే, పన్ను చివర కట్టినవాడను నేనే" అని సభ్యుడు తన్ను తానే ఎత్తిపొడుచుకొన్నచో సభ నవ్వును; బకాయిదారు ఆలోచించును.

రెండు: హాస్యము ముగియగానే కథకుడు కథ నందుకొనును. అట్లే నవ్వు ఆగిన వెంటనే అసలు మాట చెప్పవలెను.

మూడు: ఒకరి కులమును, పేదఱికమును, అంగవైకల్యమును నవ్వులపాలు చేయరాదు. నొచ్చినవాడు మరల సభకు రాడు. అతని సలహా గ్రామమునకు దక్కదు.