తాలు కాయలు ఏరుదాం, తలుపు మూయవద్దు



ఈ సంచికలో నా పాఠం చెత్తను ఆపడం గురించి. ఇది నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది.

పోయిన టర్ములో మన గోడపత్రిక పెట్టె తెరిస్తే ఏముండేవో గుర్తుందా? ట్యూషన్ల కరపత్రాలు, ఒకే జోకు పదిసార్లు, "ఈ కాగితం 21 మందికి రాసి పంచకపోతే కీడు జరుగును" అనే ఉత్తరాలు. విసుగొచ్చి నేనే ఒక రూలు పెట్టించాను. కొత్తగా రాసేవాళ్ళు ఇద్దరు పెద్ద క్లాసు పిల్లల సంతకాలు, క్లాసు టీచరు సంతకం తేవాలి. చెత్త ఆగింది. నేను గొప్పగా చెప్పుకున్నాను.

కానీ తర్వాతి రెండు సంచికల్లో 5వ తరగతి నుంచి ఒక్క రచనా రాలేదు. ఒకరోజు బట్టలు ఉతికేచోట ఒక తమ్ముడి జేబులోంచి తడిసిన కాగితం తీశాను. వాళ్ళ తండాలో అమ్మ మిరపకాయ కోతకు పోయే సంగతి రాశాడు. "ఎందుకు వెయ్యలేదురా?" అంటే, "సంతకం అడగాలంటే భయమేసింది అన్నా. మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ కదా, నా తెలుగు చూసి నవ్వుతారు" అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఇదే చిక్కు కంప్యూటర్ లోకంలోనూ ఉంది. అడగకుండా గుంపుగా పంపే చెత్తను అక్కడ స్పామ్ అంటారు. 1978 మే నెలలోనే అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగి ఒకే ప్రకటనను దాదాపు 400 మందికి కంప్యూటర్ ద్వారా పంపాడు. ఇది ఎందుకు తగ్గదు? వెయ్యిమందికి పంపినా ఖర్చు దాదాపు ఉండదు గనుక. అందుకని వెయ్యిసార్లు పంపేవాడికి కష్టంగా, ఒక్కసారి వచ్చేవాడికి తేలికగా ఉండే అడ్డు కావాలి.

అలాంటి అడ్డు ఒకటి క్యాప్చా. మెలికలు తిరిగిన అక్షరాలు చూపి, చదివి టైపు చెయ్యమంటారు. ఈ పేరు 2000లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు పెట్టారు. మొదట్లో యంత్రాలు తికమకపడేవి. అయితే ఆ అక్షరాలు ఇంగ్లీషువైతే, తెలుగు మాత్రమే వచ్చిన మనిషి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఇంకో ఉపాయం మేలైనది. ఫారంలో మనిషి కంటికి కనపడని ఒక గడి పెడతారు. యంత్రం అన్ని గడులూ నింపి దొరికిపోతుంది. మనిషికి ఏ బాధా లేదు.

మన భాషలోనే ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు. మరి చెత్త రాదా? వస్తుంది. "ఇటీవలి మార్పులు" అనే పేజీలో ప్రతి మార్పూ కనపడుతుంది, అనుభవం ఉన్నవాళ్ళు చూస్తుంటారు. పాత ప్రతి భద్రంగా ఉంటుంది కాబట్టి చెత్తను వెంటనే తీసేయవచ్చు. మళ్ళీ మళ్ళీ పాడుచేసేవాడిని ఆపేస్తారు. కొత్తగా చేరినవాళ్ళకు స్వాగతం రాస్తారు, సందేహాలు అడగడానికి "రచ్చబండ" ఉంది. అంటే చూసేది రాతను, అనుమానించేది మనిషిని కాదు.

ఇది మన ప్రత్తిపాడు పక్క చేలల్లో తెలిసిన సంగతే. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో తాలు ఉంటుందని కోతే మానేస్తామా? ఎండాక కూర్చుని ఏరతాం.

కాబట్టి వార్డెన్ గారు ఒప్పుకుంటే ఈ మార్పులు చేద్దాం:

1. సంతకాలు వద్దు. పేరు, తరగతి రాస్తే చాలు.
2. మొదటిసారి రాసేవాళ్ళ పక్కన మాలో ఒకరం కూర్చుంటాం. అక్షర దోషాలు దిద్దడం మా పని.
3. కరపత్రాలు, గొలుసు ఉత్తరాలు పక్కన పడేస్తాం. మళ్ళీ వేసినవాళ్ళను పిలిచి మాట్లాడతాం.
4. ప్రతి శనివారం ఇద్దరం పెట్టె చూస్తాం. పొరపాటున చెత్త గోడెక్కితే గుండుసూది తీసినంత పని.

ఇందువల్ల మాకు పని పెరుగుతుంది. పెరగనివ్వండి. ఆ బరువు నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల మీద వెయ్యడం న్యాయం కాదు.

ఆ తమ్ముడి రచన అతని అనుమతితో ఈ పాఠం కిందనే అంటించాం. తప్పక చదవండి. చదివి నవ్వవద్దు, బాగుంటే అతనికి చెప్పండి.

ఆలోచించండి: మీరు ఈ హాస్టలుకు వచ్చిన మొదటి వారం ఏ రూలు మిమ్మల్ని భయపెట్టింది? అది ఎవరిని ఆపడానికి పెట్టారు, ఎవరిని ఆపింది?

— 9వ తరగతి విద్యార్థి, గోడపత్రిక కమిటీ