ఉమ్మడి బాట - మరమ్మతు ఎవరి బాధ్యత?

ఊరి రాస్తా నుండి లోపలి ఇండ్లకును, పొలములకును పోవు సన్నని బాటలు మన గ్రామములందు పెక్కు కలవు. అవి పంచాయతీవి కావు, సర్కారువి కావు. ఒకప్పుడు ఒకే కమతముగా నున్న భూమిని అన్నదమ్ములు పంచుకొన్నపుడు, లోపలి వాటాదారునకు దారి విడువవలసి వచ్చుటచే ఏర్పడినవి వీనిలో అనేకములు. ఎండకాలమున ఈ బాటను గూర్చి ఎవరును తలపరు. తొలకరి కురిసి బండిచక్రము బురదలో దిగబడిననాడు ప్రశ్న పుట్టును: మొరము పోయించవలసినది ఎవరు?

"నేల అతనిది, అతడే బాగుచేయవలెను" అని లోపలివాడనును. "నడచువాడు అతడు, నాకేమి పని?" అని ముందరివాడనును. ఈ రెంటిలో చట్టము దేనిని అంగీకరించునో విద్యార్థులు తెలిసికొనుట అవసరము.

తన భూమిని అనుభవించుటకై పరుల భూమిపై ఒకనికి గల హక్కును ఈజుమెంటు అందురు. దారి హక్కు అట్టిది. 1882వ సంవత్సరపు భారత ఈజుమెంట్ల చట్టము 25వ సెక్షను ప్రకారము, ఆ హక్కును నిలుపుకొనుటకు కావలసిన మరమ్మతుల ఖర్చును హక్కుదారుడే భరింపవలెను. 27వ సెక్షను ప్రకారము, నేల యజమాని అతని మేలుకొరకు ఏ పనియు చేయనక్కరలేదు. అయితే దారిని ఇరుకుచేయు పనిగాని, రాకపోకలకు ఇబ్బంది కలిగించు పనిగాని చేయరాదు.

24వ సెక్షను హక్కుదారునికి మరియొక అధికారమిచ్చినది. బాట చెడిపోయినను, చెట్టు కూలి అడ్డముగా పడినను, అతడు పొరుగువాని నేలలో ప్రవేశించి బాగుచేసికొనవచ్చును. ఆ పనిని యజమానికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలుగునట్లు చేయవలెను. పనివలన నష్టము జరిగినచో సాధ్యమైనంతవరకు సరిదిద్దవలెను. కాని ఎవరైనను అక్రమముగా కంచెవేసి దారి మూసినచో, దానిని స్వయముగా పెరికివేయుటకు 36వ సెక్షను అనుమతింపదు. అపుడు న్యాయస్థానమే శరణ్యము.

చట్టము ఇంత స్పష్టముగా నుండగా తగవులేల? ముందరివాని మనస్సులో చెప్పని భయమొకటి కలదు. నేడు మొరము పోయనిచ్చినచో రేపు లారీ వచ్చునేమో, ఎల్లుండి నేలయే తనదనునేమో యని అతని అనుమానము. ఈ భయమునకు 28వ సెక్షనులో సమాధానమున్నది. ఒక విధమైన దారి హక్కులో వేరొక విధమైన దారి హక్కు ఇమిడియుండదు. నడకదారి హక్కు గలవాడు మొరము పోసినంతమాత్రమున బండిదారి హక్కును పొందడు.

బాట నేలయే అందరి ఉమ్మడి ఆస్తియైనచో సంగతి వేరు. హనఫీ న్యాయమును క్రోడీకరించి ఉస్మానీయ సామ్రాజ్యమున 1869-1876 మధ్య వెలువరించిన మజల్లాలో, ఉమ్మడి ఆస్తి మరమ్మతునకు భాగస్వాములందరును తమతమ వాటాల ననుసరించి ఖర్చు పెట్టవలెనను నియమము కలదు. హనఫీ న్యాయమున దారిని పంచుకొనుట సామాన్యమైన పొరుగుదనముకన్న దగ్గరి బంధముగా ఎంచబడినది. అందుచేతనే పొరుగు ఆస్తి అమ్మకమునకు వచ్చినపుడు వర్తించు షుఫా హక్కు, దారిలో పాలుగల 'ఖలీత్'నకు కేవలము సరిహద్దు గలవానికన్న ముందు చెందును.

ఇక ఒకే దారి హక్కును పలువురు అనుభవించునపుడు ఖర్చును వారెట్లు పంచుకొనవలెనో ఈజుమెంట్ల చట్టము లెక్క చెప్పలేదు. మొదటి ఇంటివాడు పదియడుగులు నడచును, చివరివాడు బాటంతయు నడచును. ఒకడు కాలినడకన పోవును, మరియొకడు ట్రాక్టరు నడుపును. ఎవరు ఎంత దూరము, ఎట్టి బరువుతో వాడుదురో దానినిబట్టి ఖర్చు పంచుకొనుట న్యాయమని తోచుచున్నది.

కావున ఆస్తి పంచుకొనునపుడును, స్థలము కొనునపుడును మూడు సంగతులు దస్తావేజులో వ్రాయించుకొనుట మేలు: బాట వెడల్పు, దానిపై పోదగిన వాహనములు, మరమ్మతు ఖర్చులో ఎవరి పాలు ఎంత. మొరము పోయుటవలన ఎవరి హక్కును పెరుగదు, తరుగదు అని ఒక్క వాక్యము చేర్చినచో ముందరివాని భయము తీరును.

విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో చదువనేర్చినవారు మీరే కావచ్చును. ఈ వేసవి సెలవులలో మీ ఇంటి దస్తావేజును తీసి, బాటను గూర్చి అందేమి వ్రాసియున్నదో పెద్దలకు చదివి వినిపింపుడు. వానరాత్రి రోగిని మంచముపై మోసికొనిపోవలసి వచ్చినపుడు ఆ కాగితమును వెదకుటకు వ్యవధి యుండదు.