కొత్త కుంటలో నురగ ఎందుకు?

పిల్లలూ! మీ బడి తోటలోనో, క్వార్టర్ల ఆవరణలోనో ఒక చిన్న నీటికుంట కట్టారనుకోండి. గొయ్యి తవ్వి, సిమెంటు పూసి, కుళాయి నీళ్ళు నింపారు. ఒక మూల నీళ్ళు ధారగా పడేలా చిన్న మోటారు బిగించారు. కలువ దుంపలు నాటారు. పది చేపలు వదిలారు. రెండో వారానికి ధార పడేచోట నురగ పేరుకుంది. ఒకరు "ఎవరో సబ్బునీళ్ళు పోశారు" అన్నారు. ఇంకొకరు "నీళ్ళు చెడిపోయాయి, మొత్తం తోడేసి మళ్ళీ నింపుదాం" అన్నారు. ఎవరి మాట వినాలి? తొందరపడితే చేపలు చచ్చిపోవచ్చు. అందుకే ముందు నురగ సంగతి తెలుసుకుందాం.

బుడగ ఎందుకు నిలుస్తుంది?

క్షణంలో పోయేదాన్ని మనం 'నీటిబుడగ' అంటాం. ఈ మాట వెనక మంచి పరిశీలన ఉంది. శుభ్రమైన నీటిలో బుడగ పుట్టిన వెంటనే పగిలిపోతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. నీటి ఉపరితలంలో కనిపించే ఈ బిగువునే తలతన్యత అంటారు. ఈ బిగువుకు బుడగ పలుచని పొర నిలవలేదు.

మరి కుంకుడుకాయ రసాన్ని గిలక్కొడితే నురగ అంతసేపు ఎలా ఉంటుంది? కుంకుడులో సాపోనిన్లు అనే పదార్థాలు ఉన్నాయి. వాటి అణువుకు ఒక కొస నీటిలో ఉండాలని చూస్తుంది, రెండో కొస నీటికి దూరంగా జరుగుతుంది. అందువల్ల అవి నీటి పైపొరలో బారులు తీరి బుడగ గోడను కాపాడతాయి. సబ్బు చేసే పనీ ఇదే. కాబట్టి బుడగలు పగలకుండా నిలిచాయంటే నీటిలో మరేదో కలిసిందని అర్థం. అదేమిటో కనుక్కోవడమే మన పని.

ఏ నురగ ఏమి చెబుతుంది?

మొదటిది, కుళ్ళు వల్ల వచ్చే నురగ. రాలిన ఆకులు, చచ్చిన నాచు, చేపలు తినగా మిగిలిన మేత, చేపల ఒంటి జిగురు, వాటి విసర్జన నీటిలో కుళ్ళి ప్రొటీన్ల వంటి పదార్థాలు కలుస్తాయి. ఇవి కూడా కొంతవరకు సబ్బులాగే పనిచేస్తాయి. ధార పడి గాలి కలిసేచోట నురగ కడుతుంది. దీని రంగు మాసిన తెలుపో, లేత గోధుమో. వాసన మట్టి వాసనో, నీచు వాసనో. కొత్త కుంటల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండోది, సబ్బు నురగ. ఇది తెల్లగా ఉంటుంది, ఎండలో రంగులు చూపుతుంది, సెంటు వాసన వేయవచ్చు. బట్టలుతికిన నీళ్ళో, నేల తుడిచిన నీళ్ళో కుంటలోకి వస్తున్నాయేమో చూడాలి. బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు మీద, ఢిల్లీలో కాళింది కుంజ్ దగ్గర యమున మీద కొండల్లా లేచిన నురగను మీలో కొందరు చూసే ఉంటారు. శుద్ధి చేయని మురుగునీరు, డిటర్జెంట్లు దానికి ముఖ్య కారణాలు. 2015లో బెళ్ళందూరు నురగకు నిప్పు కూడా అంటుకుంది.

మూడోది అసలు నురగే కాదు, తెట్టు. కొత్త సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి, గాలి తగిలి, పైన పలుచని తెల్లటి పొరగా కడుతుంది. అది కనిపిస్తే నీటి పి.హెచ్. పరీక్షించాలి. చాలా చేపలకు 6.5 నుంచి 8.5 వరకు సరిపోతుంది. కొత్త సిమెంటు తొట్టిలో అది 10 కూడా దాటవచ్చు.

కనిపించని పని

కుళ్ళు నురగ తానుగా చేపల్ని చంపదు. చంపేది కంటికి కనిపించని అమోనియా. చేపల విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి అది పుడుతుంది. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నా అమోనియా ఉండవచ్చు. పి.హెచ్. పెరిగేకొద్దీ, నీరు వేడెక్కేకొద్దీ దాని విషం పెరుగుతుంది.

పాత కుంటల్లో దీన్ని సూక్ష్మజీవులు చూసుకుంటాయి. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. రెండో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల ప్రమాదం చాలా తక్కువ, పైగా అది మొక్కలకు ఆహారం. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాలను వేరుచేసి చూపాడు.

ఇవి రాళ్ళ మీద, గోడల మీద, ఫిల్టరు స్పాంజిలో కాపురం పెడతాయి. కొత్త కుంటలో అవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చలి ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. అందుకే కుళ్ళు నురగ కనబడగానే నీరంతా తోడి, గోడలు తోమితే అప్పటిదాకా పెరిగిన బాక్టీరియా పోతుంది. లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది.

మరి ఏం చేయాలి?

1. చేపలు వదలక ముందే సిమెంటు కుంటను నింపి, కొన్ని రోజులుంచి, తోడేయాలి. పి.హెచ్. తగ్గేదాకా ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి.
2. కుళాయి నీటిని ఒకటి రెండు రోజులు మూత లేకుండా నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది.
3. మొదట పది చేపలు వద్దు, రెండు మూడు గప్పీలు చాలు. అసలు చేపలే లేకపోతే దోమలు పెరుగుతాయి. వేసవిలో వారం పది రోజుల్లోనే గుడ్డు దోమవుతుంది. గప్పీలు ఆ పిల్లపురుగుల్ని తింటాయి.
4. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి. రాలిన ఆకుల్ని వలతో తీయాలి.
5. వారానికోసారి పదో వంతు నీరు మార్చాలి. సబ్బు కలిసిందని తేలితే మాత్రం దారి మూసి, చేపల్ని మంచి నీటిలోకి మార్చి, ఎక్కువ నీరు మార్చాలి.
6. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. కుంట నీళ్ళు బక్కెట్లోకి తీసి అందులో పిండాలి.
7. మోటారు ఆపకూడదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర సుమారు ఏడున్నరే. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలడం లేదేమో చూడాలి.

చేసి చూడండి

ఒకే రకం సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో సగం వరకు కుళాయి నీరు, రెండోదానిలో సగం వరకు కుంట నీరు పోసి మూత బిగించండి. ఇరవై సార్లు ఊపండి. నురగ ఎన్ని సెకన్లు నిలిచిందో రాయండి. ప్రతి సోమవారం, ఆరు వారాలు చేయండి. రంగు, వాసన, పి.హెచ్. కూడా రాయండి. తర్వాత చేతులు కడుక్కోండి.

ఈ లెక్కల పుస్తకం మీది కాదు, కుంటది. అమ్మకో నాన్నకో బదిలీ అయితే దాన్ని పక్క తరగతి వారికి అప్పగించి వెళ్ళండి. చేపల్ని కూడా అప్పగించండి. వాటిని ఊరి చెరువులోనో, కాలువలోనో వదిలితే అక్కడి చేపలకు చేటు.

మాటలు తెలుసుకుందాం

తెట్టు: నీటి మీద కట్టే పలుచని పొర.
నీచు: చేపల వాసన.
తేట: మలినం లేని స్థితి.
తేరుకోవడం: మలినం అడుగుకు చేరి నీరు తేట కావడం. కష్టం నుంచో, కంగారు నుంచో మనిషి కుదుటపడటాన్ని కూడా ఇదే మాటతో చెబుతాం. ఉదాహరణ: కొత్త బడిలో మొదట బెంగపడినా, నెల తిరిగేసరికి రవి తేరుకున్నాడు.

ప్రశ్నలు

1. శుభ్రమైన నీటిలో బుడగ ఎందుకు నిలవదు?
2. తేటగా ఉన్న నీరంతా చేపలకు మంచిదేనా? ఎందుకు?
3. 'నిలకడ మీద నిజం తెలుస్తుంది' అనే సామెత కొత్త కుంటకు ఎలా సరిపోతుంది? మీ సొంత మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.