ఇంగ్లీషు ఉత్తరం: ఎవరికి ఎలా?



తెలుగులో 'మీరు', 'నువ్వు' అనే రెండు మాటలతోనే మర్యాద, చనువు తేలిపోతాయి. ఇంగ్లీషులో అందరికీ 'యూ' ఒక్కటే. అందుచేత ఆ తేడా సంబోధనలో, ముగింపులో, మాటతీరులో కనబడాలి.

ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపుకు అప్రెంటిస్ శిక్షణ కోరుతూ రాస్తున్నారనుకోండి. పైన మీ చిరునామా, తేదీ. కింద మేనేజరు హోదా, చిరునామా. 1972లో వచ్చిన ఆరంకెల పిన్ మరవకండి, విశాఖకు అది 530తో మొదలవుతుంది. 'డియర్ సర్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగించాలి. 'డియర్ మిస్టర్ రావు' అంటే 'యువర్స్ సిన్సియర్లీ'. అధికారిని 'డియర్' అనడమేమిటని కొందరు జంకుతారు. అది వట్టి ఆనవాయితీ, ప్రేమ మాట కాదు. 'ఉభయకుశలోపరి' అలవాటు కొద్దీ అక్కడ క్షేమసమాచారాలు అడగవద్దు. మీ చదువు, కోరుతున్న ట్రేడు మొదటి పేరాలోనే చెప్పండి. 'ఐ బెగ్ టు స్టేట్' పాతకాలపు గుమాస్తా భాష. 'ఐ విష్ టు అప్లై' చాలు. ఈమెయిల్‌లో పంపినా మాటల మర్యాద ఇదే.

ఓడ మీద పనికి వెళ్ళిన అన్నయ్యకైతే 'మై డియర్ అన్నయ్య' అనే రాయండి, 'బ్రదర్' దేనికి? 'ఐయామ్', 'డోంట్' వంటి కుదింపులు ఇక్కడ చెల్లుతాయి, దరఖాస్తులో చెల్లవు. డాల్ఫిన్స్ నోస్ మీద మబ్బు పట్టిందనీ, అమ్మ మోకాలినొప్పి తగ్గిందనీ రాయండి. దూరాన ఉన్నవాడికి కావలసినవి అవే. చివర 'యువర్ లవింగ్ సిస్టర్'.

ఈ వారం అభ్యాసం: సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయులకు ఒకటి, ఆ సెలవుల్లో వస్తున్నానని మామయ్యకు ఒకటి.